బొమ్మ క్రింద పేరు

బొమ్మల పుస్తకము పెట్టుకొను వేడుక మన యిండ్లలో నేటికిని తగ్గలేదు. కొందఱు పాత పత్రికలలోని పటములను కత్తిరించి యంటింతురు. కొందఱు కుట్టుపనికి పనికివచ్చు పూలను, లతలను పలుచని కాగితముపై దింపుకొందురు. మఱికొందఱు ఫోనులో వచ్చిన చిత్రములను అచ్చు తీయించి వరుసగా కూర్చుకొందురు. ఇది నిర్దోషమైన వినోదము. పిల్లలకు చదువు, పెద్దలకు కాలక్షేపము. కాని యిట్టి పుస్తకములను తిరుగవేసి చూచినచో, పెక్కింటిలో బొమ్మను వ్రాసినవారి పేరు కనబడదు. అంటించినవారి పేరు మాత్రము అట్టమీద అందముగా నుండును.

మేము నివసించు తిరుమలగిరి సికిందరాబాదు కంటోన్మెంటు ప్రాంతములోనిది. ఈ చుట్టుపట్ల పాత ఊరి ఛాయాచిత్రములను కూర్చు సోదరీమణులు కొందఱున్నారు. వారు తప్పక తెలిసికొనవలసిన పేరు లాలా దీనదయాళు. ఆయన 1844లో మీరటు చెంతనున్న సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వపు కొలువుననుండి, ఛాయాచిత్రకళపై మక్కువచే ఆ యుద్యోగమును విడిచి, సికిందరాబాదున చిత్రశాల నెలకొల్పెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా గైకొని, రాజా బిరుదము నొసగెను.

గాజుపలకపై చిత్రము నెక్కించిన కాలమది. దీనదయాళు ఆ పలక అడుగుభాగముననే ఒక అంకెను, తన పేరును వ్రాయుచుండెడివాడు. దానినుండి ఎన్ని ప్రతులు తీసినను అంకెయు, పేరును వాటంతటవే కాగితముపై దిగును. అట్టి పలకలు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. చేతిలోని పటమున అంకె నిలిచియున్నచో దానిని పలకతో సరిచూడవచ్చును. ఇంత జాగ్రత్తపడినను ఆ పేరు కత్తెరకు లొంగిపోవుచున్నది. పటమును చట్రములో నిముడ్చుటకో, పుట కొలతకు సరిపుచ్చుటకో మనము మొదట కోసివేయునది అడుగు అంచునే, పేరుండునదియు నచ్చటనే.

స్త్రీలమైన మనము ప్రత్యేకముగా తలపవలసిన ముచ్చట యొకటి యిందే కలదు. 1892లో దీనదయాళు హైదరాబాదున ఘోషా స్త్రీల కొఱకు జనానా చిత్రశాల తెఱచెను. దానిని నడపినది కెన్నీ లెవిక్ దొరసాని. చుట్టును ఎత్తైన గోడలు; లోనికి పురుషులకు ప్రవేశము లేదు; దొరసానికి తోడుగా పనిచేసినవారు దేశీయ స్త్రీలు. ఆ కాలపు వార్తలో దొరసాని పేరున్నది, ఆ సహాయికల పేర్లు లేవు. బేగముల చీర కుచ్చెళ్లు, నగలు సరిదిద్ది కూర్చుండబెట్టినది ఎవరు? పలకను చీకటిగదికి మోసినది ఎవరు? మన స్త్రీలు ఈ కళలో అంత తొలినాడే చేయి పెట్టిరని చెప్పుకొనుటకు సాక్ష్యమున్నది; చెప్పుకొనుటకు పేరు లేదు. ఒక్కరు, ఒక్క పంక్తి వ్రాసియుంచినచో చాలియుండెడిది!

ఈ విషయమున మన ప్రాచీనులు మనకంటె జాగరూకులు. తెలుగు కావ్యములలో ఆశ్వాసము ముగిసినచోట గద్య యుండును. అందు కవి పేరు, కావ్యము పేరు, తఱచుగా తండ్రి పేరును వచ్చును. ఏ యాశ్వాసము విడిపడి ఎచ్చట దొరకినను కర్త యెవరో తెలియును. తాటాకులపై ప్రతి వ్రాసిన లేఖకుడు గ్రంథము చివర తన పేరును, సంవత్సరమును, తిథిని వ్రాసికొనెడివాడు. అది వాని శ్రమకు గుర్తు. కాని కవి గద్యను విడిచి, ఆ చోట తన పేరు పెట్టినవానిని లేఖకుడనరు. బొమ్మల పుస్తకము కూర్చువారు ఆ లేఖకుల వంటివారని మా యభిప్రాయము. అట్టమీద తమ పేరు వ్రాసికొనుట తప్పు గాదు. లోపల కర్త పేరుండవలెను. ఒక కవి మఱియొకని కావ్యమునుండి గ్రహించుటను గూర్చి రాజశేఖరుడు కావ్యమీమాంసలో అధ్యాయములకు అధ్యాయములే వెచ్చించెను. ఎరువు తెచ్చుకొనుటలో ఎన్ని తరగతులున్నవో చూడదలచినవారు ఆ గ్రంథమును చదువవచ్చును.

పేరున్నచోటను కొంత విచారణ అవసరము. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రాలయమునుండి వెడలిన లక్ష్మీ సరస్వతుల పటములు మన దేవుని గదులలో ఎన్ని తరములనుండియో వెలయుచున్నవి. కొలది యేండ్లకే ఆ ముద్రాలయము ష్లైకరను జర్మనుని పరమైనది. పేరు మాత్రము రవివర్మదిగానే నిలిచినది. రవివర్మ 1906లో గతించెను. కావున అడుగున రవివర్మ ముద్రాలయమని యున్నంత మాత్రమున ఆ బొమ్మ ఆయన చేతిదని వ్రాయరాదు. అచ్చొత్తినవారు వేఱు, వ్రాసినవారు వేఱు.

1947 జూలైలో వెలసిన చందమామను ఎఱుగని తెలుగు తల్లి లేదు. దాని ముఖచిత్రములపై వడ్డాది పాపయ్యగారు ‘వ.పా.’ అని చేవ్రాలు చేయుచుండిరి. బేతాళుని భుజమున నిడుకొని కత్తి చేతబట్టి నడచు విక్రమార్కుని బొమ్మ శంకరుగారిది. ఆ బొమ్మ నేడు వేలకొలది చేతులు మారుచున్నది. మూలనుండు పేరు కోసిపోయి, క్రింద ‘సేకరణ’ అను నొక్క మాట వచ్చి చేరును. సేకరణ యనగా నాది గాదని చెప్పుట. ఎవరిదో చెప్పుట గాదు. ఈ మాటను మన వాడుకనుండి తొలగించినచో ఎంతో మేలు.

ఇక చట్టము మాట. 1957 నాటి కాపీరైటు చట్టము 1958 జనవరి 21 నుండి అమలులోనున్నది. కర్త తన హక్కును అమ్ముకొన్న పిదపను, ఈ కృతి నాదని చెప్పుకొను హక్కు ఆతనికే యుండునని దాని 57వ సెక్షను చెప్పుచున్నది. చిత్రములకును, ఛాయాచిత్రములకును కర్త గతించిన మఱుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు గడువు. బాపుగారు 2014లోను, శంకరుగారు 2020లోను గతించిరి. కావున వారి బొమ్మలకు 2074, 2080 చివరివఱకు గడువున్నది. దీనదయాళు తన కాలముననే ప్రకటించిన పటములకు ఆ యడ్డు లేదు. ఇంటిలో మనకొఱకే పెట్టుకొన్న పుస్తకమునకు చట్టము అభ్యంతరము చెప్పదు. దానినే అచ్చువేసి పంచదలచినను, పదిమంది చూచుచోట నిలుపదలచినను హక్కుదారు నడుగవలెను. పేరు వ్రాసితిమి గదా, అనుమతి యెందుకని కొందఱందురు. పొరుగింటి పాత్రపై వారి పేరు చెక్కియున్నంతనే అడుగక తెచ్చుకొందుమా?

అంటించునపుడే వ్రాయవలెను, తరువాత వ్రాయుదమని విడిచినది వ్రాయబడదు. కర్త పేరు, బొమ్మ పేరు, సంవత్సరము, ఏ గ్రంథమున ఏ పుటనుండి తీసికొన్నది, రంగు మార్చినను అంచు కోసినను ఆ సంగతి, ఇంతయు రెండు పంక్తులలో నిమిడిపోవును. పటముమీద సిరాతో వ్రాయక, అంటించిన కాగితముపై పెన్సిలుతో వ్రాయుట మేలు. సిరా వెనుకకు దిగి పటమును చెఱుచును. ముగ్గులకును, కుట్టు నమూనాలకును ఇదే పద్ధతి. ‘ఫలాని పిన్నిగారు నేర్పిన ముగ్గు, 15 చుక్కలు, సందు చుక్క, 8 వఱకు’ అని వ్రాసినచో, ఆ పిన్నిగారి మనుమరాలు ఎన్నడో ఆ పుట తెఱచినపుడు తన యవ్వను గుర్తించును.

పేరు ఎంత వెదకినను దొరకనిచో ‘కర్త తెలియలేదు’ అని వ్రాసి, పత్రిక పేరును సంచికను చేర్చి, క్రింద ఒక అంగుళము ఖాళీ విడువవలెను. మా పుస్తకమున అట్టి ఖాళీలు మూడు, నాలుగేండ్ల తరువాత నిండినవి. ఇంకను నిండవలసినవి పెక్కున్నవి.