మేఘం పుట్టాలంటే పొగ, దుమ్ము కూడా కావాలా?

ఆవిరి పైకెళ్లి చల్లబడితే మేఘం అవుతుందని స్కూల్లో చదివాం కదా. నేనూ చాలాకాలం అంతే అనుకున్నా. కానీ అది సగం కథే.

పూర్తిగా శుభ్రమైన గాలిలో ఆవిరి తనంతట తానే చుక్క కావాలంటే తేమ 100 శాతానికి కొన్ని రెట్లు ఉండాలి. నిజం మేఘాల్లో 100 దాటేది సాధారణంగా ఒక్క శాతం లోపే. అయినా చుక్కలు పుడుతున్నాయంటే, గాలిలో తేలే సన్నటి కణాల మీద ఆవిరి చేరుతోంది కాబట్టే.

చుక్క ఎంత చిన్నదైతే నీరు అంత తొందరగా ఎగిరిపోతుంది. లోపల ఉప్పు కరిగి ఉంటే నీటిని పట్టి ఉంచుతుంది. వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లడం చూశారుగా, ఆ గుణమే! ఈ రెండింటి లెక్కని స్వీడన్ శాస్త్రవేత్త కోలర్ 1936లో చెప్పారు.

మరి కట్టెల పొగ, డీజిల్ పొగ, అడవి చెట్ల ఆవిర్ల నుంచి వచ్చే ఆర్గానిక్ పదార్థాలు? ఇవి చాలావరకు ఉప్పంతగా నీటిని పీల్చవు. అయితే కొన్ని సబ్బులా చుక్క పైన పొరగా చేరి తలతన్యత తగ్గిస్తాయి. అప్పుడు చుక్క పెరగడం తేలిక. ఇటలీలోని పో లోయ పొగమంచు నీటిలో ఈ తగ్గుదలని కొలిచి 1990ల్లోనే చూపించారు. చిక్కేంటంటే, పైపొరకి వెళ్లినవి లోపల కరిగి ఉండవు. అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే!

మనకెందుకంటారా? అదే నీరు ఎక్కువ చిన్న చుక్కలైతే మేఘం తెల్లబడి ఎండని తిప్పికొడుతుంది, వానగా మారడం కష్టమవుతుంది. ఒక్క వాన చినుక్కి దాదాపు 10 లక్షల మేఘపు చుక్కలు కలవాలి మరి. ఈ లెక్క తప్పితే భూమి ఎంత వేడెక్కుతుందన్న అంచనా కూడా తప్పుతుంది.