రంజాన్‌కి సీతాఫలం, మామిడి కావాలా? సీజన్‌లోనే ఫ్రీజర్‌లో ఇలా దాచుకోండి

హైదరాబాద్: 2020లో రంజాన్ ఏప్రిల్ చివర్లో మొదలైంది. బంగినపల్లి, మన ఇళ్లలో బేనిషాన్ అంటాం, నేరుగా ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీదకు వచ్చేసింది. ఈ నెల ఏటా 10-11 రోజులు ముందే వస్తుంది కాబట్టి 2027లో ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. అప్పటికి సీతాఫలం బండ్లు వెళ్లిపోతాయి, మామిడి ఇంకా దిగదు. షేక్‌కి పండు కావాలంటే చవగ్గా దొరికినప్పుడే దాచాలి.

ముందు ఫ్రిజ్ సంగతి చూడండి. పండు నెలల తరబడి నిలవాలంటే మైనస్ 18 డిగ్రీలు కావాలి. అమీర్‌పేట, పంజాగుట్ట అద్దె గదుల్లో కనిపించే సింగిల్ డోర్ ఫ్రిజ్ ఐస్ బాక్స్ చాలాసార్లు అంత చల్లబడదు. ఐస్‌క్రీం రాయిలా గట్టిగా ఉండకపోతే దాంట్లో కొన్ని వారాలకు మించి నమ్మొద్దు. డబుల్ డోర్ ఉన్న చుట్టాల ఇల్లే నయం!

బాగా పండిన పండే తీసుకోండి, ఫ్రీజర్‌లో పెట్టాక ఇక పండదు. మామిడి ముక్కలకన్నా గుజ్జు మేలు. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది, పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి పండు కణాలను చీలుస్తాయి. అందుకే కరిగాక ముక్కలు మెత్తబడి నీళ్లు కారుతాయి. షేక్‌కి అయితే ఆ ఇబ్బంది లేదు.

సీతాఫలంతోనే అసలు పని. గుజ్జును స్టీల్ జల్లెడ మీద రుద్దితే గింజలు పైన నిలుస్తాయి. గింజలతో సహా మిక్సీ వేయొద్దు, వాటిలో విష పదార్థాలు ఉంటాయి. గాలి తగిలితే గుజ్జు నల్లబడుతుంది, వెంటనే కాస్త నిమ్మరసం కలపండి. నిల్వ ఉంటుందని వేడి మాత్రం చేయకండి, చేదెక్కుతుంది.

ఒక్క ఇఫ్తార్‌కి సరిపడా గుజ్జు ఒక్కో జిప్ కవర్లో పోసి, గాలి తీసేసి, పలుచగా పరిచి పెట్టండి. తేదీ రాయండి. వాడే ముందు రోజు ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. కరిగిన గుజ్జు మళ్లీ ఫ్రీజర్‌లోకి పోకూడదు. చల్లదనం క్రిములను చంపదు, ఆపుతుందంతే. అందుకే కోసే ముందు పండు, చేతులు కడుక్కోవాలి.

కరెంటు పోతే తలుపు తీయొద్దు. నిండా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చల్లగా ఉంటుంది.