ఈమెయిల్ చర్చలో అరబీ వచనాలు

ఈమెయిల్ ద్వారా కొందరు కలసి ధార్మిక చర్చ సాగించదలచినప్పుడు లేఖ ఏ రూపంలో ఉండాలో ముందే నిర్ణయించుకోవడం అవసరం. 1982 నాటి ప్రమాణం ప్రకారం లేఖలో ఆస్కీ సంకేతాలకే చోటు. అవి మొత్తం 128. తెలుగుకు గానీ అరబీకి గానీ అందులో తావు లేదు. 1992లో వచ్చిన 'మైమ్' పద్ధతి, వాడిన లిపి సంకేతం ఏదో లేఖ శిరోభాగంలో తెలిపే వీలు కల్పించింది. నేడు అందరూ యూటీఎఫ్-8 వాడాలని నియమం పెట్టుకుంటే ఆ చిక్కు తీరుతుంది. రంగులు, అలంకారాలు అనవసరం. సాదా పాఠమే మేలు.

అసలు చిక్కు దిశ విషయంలో ఉన్నది. తెలుగు ఎడమ నుండి కుడికి, అరబీ కుడి నుండి ఎడమకు సాగుతాయి కదా! అరబీ వచనం వెంటనే అదే పంక్తిలో 3-15 అని రాశామనుకోండి. యూనికోడ్ దిశా నియమాల ప్రకారం అడ్డగీతకు ఇరువైపులా ఉన్న అంకెలు తారుమారై, తెరపై 15-3గా కనిపిస్తుంది. వ్రాసినవారు ఉద్దేశించినది ఆలి ఇమ్రాన్ సూరాలోని 15వ ఆయత్. చదివేవారు వెతికేది అల్ హిజ్ర్ సూరాలోని 3వ ఆయత్! రెండూ ఉన్నవే గనుక పొరపాటు సులభంగా బయటపడదు. అడ్డగీతకు బదులు 3:15 అని రెండు చుక్కలు పెడితే వరుస చెడదు. అంతకంటె క్షేమం, అరబీ మూలాన్ని విడి పంక్తిలో వ్రాసి, సూరా పేరు, ఆయత్ సంఖ్య క్రింది తెలుగు పంక్తిలో చేర్చడం.