ఆస్పరాగస్: వసంతమున వచ్చు కాడకూర

వేసవి తొలిదినములలో చింతచెట్టు చిగిర్చినదనగానే మన యిండ్లలో ఒక విధమైన ఆత్రము బయలుదేరును. చిగురు లేతగా నుండగనే కోసి పప్పులో వేసికొనవలెను; ఆలసించినచో ముదిరిపోవును. ఐరోపాఖండమందలి గృహిణులకు ఇట్టి ఆత్రమునే కలిగించు కూర యొకటి కలదు. అది ఆస్పరాగస్.

విదేశములలో కాపురమున్న బిడ్డలయొద్దకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు ఈ కూరను గూర్చి మమ్ము అడుగుచుందురు. హైదరాబాదు వంటి నగరములందలి పెద్ద అంగళ్ళలోను ఇప్పుడిది కట్టలు కట్టలుగా కనబడుచున్నది. వెల తక్కువ కాదు. వండు తీరు తెలియనిచో డబ్బును పోవును, రుచియు పోవును. మేమును మొదటిసారి ఆ రెండింటిని పోగొట్టుకొన్న వారమే. మునగకాడల వలె ముక్కలు చేసి, మూతపెట్టి, అరగంటసేపు ఉడికించితిమి. మూత తీసి చూడగా మిగిలినది బురదరంగు ముద్ద. ఇంటివారు మర్యాదకు ఒక ముద్ద తిని, ఆవకాయజాడీ ఎక్కడనున్నదని అడిగిరి. ఆ పొరపాటు ఏమిటో, ఎందువలన జరిగినదో వివరించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మన అడవులలో పెరుగు పిల్లిపీచర తీగను పలువు రెరుగుదురు. సంస్కృతమున దానినే శతావరి యందురు. ఆస్పరాగస్ దానికి దాయాది. వృక్షశాస్త్రజ్ఞులు రెంటిని ఒకే ప్రజాతిలో చేర్చిరి. అయితే శతావరియందు ఔషధముగా వాడునది వేరు. ఆస్పరాగస్‌యందు మనము తినునది అప్పుడే నేలను చీల్చుకొని తలయెత్తిన లేతకాడ. చుట్టరికమును చూచి ఒకదానికి బదులు మరియొకదానిని వాడరాదు.

ఈ మొక్కను పెంచు రైతునకు ఓర్పు ముఖ్యము. వేరుదుంపలను నాటిన తరువాత మొదటి రెండేండ్లు కాడలను కోయక విడిచిపెట్టుట వాడుక. మూడవ యేటినుండి కోత మొదలిడినచో, ఒకే మడి పదిహేనేండ్లు, అంతకు మించియు ఫలించును. వసంతమున నేల వెచ్చబడగానే కాడలు ఒక్క దినమున అంగుళముల కొలది పెరుగును. సుమారు ఎనిమిది వారములు కోసిన పిమ్మట రైతు తనంతట తానే కత్తిని ప్రక్కన పెట్టును. జర్మనీ దేశమున జూన్ 24వ తేదీ, అనగా సెయింట్ జాన్ పండుగదినము, కోతకు చివరిదినమని సంప్రదాయము. ఆ తరువాత మిగిలిన కాడలు నెమలియీకలవంటి సన్నని కొమ్మలుగా విచ్చుకొని, ఎండలో ఆహారమును తయారుచేసి వేళ్ళకు పంపును. ఆ నిలువనుండియే మరుసటి వసంతపు కాడలు పుట్టవలెను. ఆశకొలది కోయుచు పోయినచో వేరు నీరసించి, మడి క్రమముగా నశించును. దూడకు పాలు విడిచి పితుకు గృహస్థులకు ఈ నీతి క్రొత్త కాదు.

జర్మనీలో తెల్లని ఆస్పరాగస్‌కు మర్యాద యెక్కువ. అది వేరుజాతి యని కొందరు భ్రమపడుదురు. మొక్క యదియే. కాడలపై మట్టిని కట్టలుగా ఎగద్రోసి వెలుగు సోకనీయనందున పచ్చదనము పుట్టదు, అంతియే భేదము.

ప్రాచీన రోమునాటికే ఈ కూరకు పేరు వచ్చినది. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున కేటో వ్రాసిన వ్యవసాయగ్రంథమున దీని సాగు వర్ణింపబడినది. అగస్టస్ చక్రవర్తి ఏ పనియైన త్వరగా జరుగవలెనన్నచో ఆస్పరాగస్ ఉడుకు కాలముకంటె వేగముగా కావలెనని చెప్పెడివాడని చరిత్రకారుడు స్యుటోనియస్ తెలిపెను. రెండువేల యేండ్లనాటి ఆ మాట మాకు ముందే తెలిసియున్నచో ఆ అరగంట ఉడికించియుండము! ఫ్రెంచి చిత్రకారుడు మానే 1880లో ఆస్పరాగస్ కట్ట నొకదానిని చిత్రించి ఎనిమిదివందల ఫ్రాంకులు వెలకట్టగా, కొన్న రసికుడు వేయి ఫ్రాంకులు పంపెను. అందుకు మానే ఒకేయొక కాడను వేరుగా చిత్రించి, కట్టలో నిదియొకటి తక్కువైనదని చమత్కరించి పంపెనట. రసాయనశాస్త్రమునకును ఈ కూర ఉపకరించినది. 1806లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వోక్లాఁ, రోబికేలు దీని రసమునుండి ఆస్పరాజిన్ అను పదార్థమును వేరుచేసిరి. శాస్త్రజ్ఞులు తొలుదొలుత వేరుచేయగలిగిన అమైనో ఆమ్లము అదియే.

ఇక కొనుటలోని మెలకువలు. కోసిన తరువాతను ఈ కాడ జీవించుచునే యుండును. దానిలోని తీపి గంటగంటకు తరుగును. మొదటినుండి పీచు పైకి ప్రాకును. పెరూ వంటి దేశములనుండి విమానములలో వచ్చుచున్నందున నేడిది ఏడాది పొడవున దొరకుచున్నది గాని, దొరకినదంతయు తాజాదని తలపరాదు. కొన బిగిసిన మొగ్గవలె నుండవలెను. కోసిన చోట తడి యుండవలెను. రెండు కాడలను రాచినచో కీచుమని చప్పుడు కావలెను. కొన జిగురుగా నున్నచో ఆ కట్టను ముట్టవలదు. తెచ్చిననాడే వండుట మేలు. వీలుగానిచో పూలగుత్తివలె మొదళ్ళు నీటిలో నుండునట్లు నిలిపి, చల్లని తావున ఉంచవలెను.

వండుట సులభము. మొదళ్ళనుండి ముదురు భాగమును త్రుంచివేయవలెను. కాడను వంచినచో ముదురు, లేతల సరిహద్దుననే అది సాధారణముగా విరుగును. వెడల్పైన గిన్నెలో నీరు ఎక్కువగా పోసి, ఉప్పు వేసి, తెర్లిన పిమ్మట కాడలను వేయవలెను. మూత పెట్టరాదు. కూరలోని పులుసుపదార్థములు ఆవిరితో బయటకు పోవలెను. లోపలనే నిలిచినచో వేడితో కలిసి పచ్చదనమును చెరచి బురదరంగు చేయును. నిమ్మరసమును ఉడుకునప్పుడు వేయరాదనుటకును కారణ మిదియే. సన్నని కాడలకు మూడు నిమిషములు, లావువానికి ఐదు చాలును. కత్తిమొన మెత్తగా దిగి, కాడ ఇంకను నిటారుగా నున్నచో పక్వమైనది. వెంటనే తీసి, బట్టపై తడియార్చి, వెన్నగాని నేయిగాని వేసి, మిరియాలపొడి చల్లి, తినబోవునప్పుడు నిమ్మరసము పిండవలెను. తెల్లనివానికి మాత్రము పైతోలు చెక్కవలెను. పది పదిహేను నిమిషములు ఉడుకవలెను.

మనవారి నోటికి తాళింపు లేనిదే రుచింపదని మేమెరుగుదుము. ఆవాలు, మినపప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకు వేగిన పిదప అంగుళపు ముక్కలను వేసి, మూత పెట్టక ఐదారు నిమిషములు వేయించి, కొబ్బరికోరు చల్లి దింపినచో పప్పన్నమున నంజుకొనుటకు చక్కగా నుండును. మొదళ్ళు ముందు, కొనలు తరువాత వేయవలెను.

దీనిలో నూటికి తొంబదిమూడు పాళ్ళు నీరే. మిగిలిన భాగమున ఫోలేటు మిక్కుటము. తిన్న పిమ్మట మూత్రమునకు వింతవాసన కలుగవచ్చును. అది గంధకము కలిసిన పదార్థముల వలన వచ్చునదే, భయపడ నక్కరలేదు.

మీ యూరి అంగడిలో ఆస్పరాగస్ దొరకనిచో చింతింపవలదు. లేత ఫ్రెంచి చిక్కుడును ఇట్లే మూతలేక తెర్లు నీటిలో ఉడికించి, నిమ్మరసమును చివర పిండి చూడుడు. రంగునందలి భేదము మొదటినాడే కంటికి కనబడును.