కొబ్బరి పెరడులో కంపోస్టు

మలికిపురం ప్రాంతమున కొబ్బరిచెట్టు లేని పెరడు అరుదు. అందుచేత ఇచ్చట కంపోస్టు చేయువారు ఒక సంగతి ముందుగా గమనించవలెను. కుళ్ళుచున్న పేడలోను, ఆకు కుప్పలలోను కొమ్ము పురుగు గుడ్లు పెట్టును. కదల్చక వదలిన కుప్పలో ఎరువుతోపాటు ఈ పురుగు కూడ పెరుగును. రెక్కలు వచ్చిన పురుగు కొబ్బరి మొవ్వును తొలుచును; తరువాత విచ్చుకొన్న ఆకు కత్తెరతో కత్తిరించినట్లుండును.

మన పల్లపు నేలలందు గుంట తీయరాదు. వానకాలములో నీరు ఊరి, గాలి ఆడక చెత్త కంపుకొట్టును. మెరకపై నడుమెత్తు కుప్ప వేయవలెను. ఎండుటాకులు, కూరగాయల తొక్కలు పొరలుగా పరచి, పొరపొరకు పేడనీళ్ళు చల్లవలెను. పిడికిట పట్టి పిండినను నీరు కారనంత తడి చాలును. కొబ్బరి డొక్కలు త్వరగా చివకవు. వాటిని చెట్ల పాదులలో పరచుట మేలు.

1924-31 మధ్య ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డ్ రూపొందించిన పద్ధతిలో కుప్పను తిరగవేయుట ముఖ్యము. అది గాలికొరకు. మనకు పురుగుకొరకు కూడ. పిల్లపురుగు దశ రెండు నెలలకు పైబడి ఉండును గనుక, నెలకొకసారి తిరగవేసినచో వంకర తిరిగిన తెల్లని లావుపాటి పిల్లపురుగులు చేతికి చిక్కును. కోళ్ళున్న ఇంట ఏరు పని కూడ తప్పును! మిగిలినవాటికి మెటారైజియం శిలీంధ్రమును నీటిలో కలిపి కుప్పపై చల్లవచ్చును.

మూడు నాలుగు నెలలకు ఎరువు నల్లబడి మట్టివాసన వచ్చును. వెంటనే మొక్కలకు వేసికొనవలెను. నిలవయుంచిన కుప్పలో పురుగు మరల గుడ్లు పెట్టును.