కొత్త రూపం, పాత గోల: అపోహలు – వాస్తవాలు

వెబ్‌సైట్ రూపురేఖలు మారిన రోజున మెచ్చుకోళ్లకన్నా తిట్లే ఎక్కువ వినిపిస్తాయి. ఆ తిట్లకు ఎంత విలువ ఇవ్వాలనే విషయంలో సైట్లు నడిపేవారికీ, వాడేవారికీ కూడా కొన్ని అపోహలున్నాయి.

అపోహ: గోల పెద్దదైతే కొత్త డిజైన్ చెడ్డదన్నట్టే.

వాస్తవం: తొలి రోజుల కోపంలో ఎక్కువ పాలు చేతి అలవాటు చెడినందుకే. వంటింట్లో పోపుల డబ్బా చోటు మారిస్తే కొత్త చోటు ఎంత మంచిదైనా నాలుగు రోజులు పోపు మాడుతుంది. తరచుగా కంటపడే వస్తువుపై ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపారు. పాత పేజీకి ఆ అనుకూలత ఉంటుంది, కొత్తదానికి ఉండదు. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ స్నేహితుల కదలికలను ఒకేచోట చూపే న్యూస్ ఫీడ్ ప్రవేశపెట్టినప్పుడు లక్షల మంది నిరసన గ్రూపుల్లో చేరారు. విచిత్రమేమిటంటే, ఆ గ్రూపుల కబురు అంత వేగంగా పాకింది న్యూస్ ఫీడ్ ద్వారానే. సంస్థ అధిపతి జుకర్‌బర్గ్ రోజుల వ్యవధిలోనే క్షమాపణ చెప్పి గోప్యత సెట్టింగులు పెంచారు గానీ ఫీడ్‌ను తీసేయలేదు. తర్వాత అదే ఫేస్‌బుక్‌కు ముఖద్వారమైంది.

అపోహ: ఎంత అరిచినా కొన్నాళ్లకు అందరూ అలవాటు పడతారు.

వాస్తవం: ఫేస్‌బుక్ ఉదంతం నేర్పిన తప్పుడు పాఠమిది. దీన్ని నమ్మినవారికి డిగ్ కథ చాలు. వార్తల లింకులను పాఠకులే ఓట్లతో పైకి తెచ్చే ఆ సైట్ 2010 ఆగస్టులో నాలుగో వెర్షన్‌కు మారింది. నచ్చని లింకును కిందికి తొక్కే ‘బరీ’ బటన్ పోయింది. ప్రచురణ సంస్థలు తమ లింకులను నేరుగా కుమ్మరించే వీలు వచ్చింది. పైగా సైట్ పదేపదే మొరాయించింది. పాఠకులు కసికొద్దీ పోటీ సైట్ రెడిట్ లింకులతో డిగ్ మొదటి పేజీని నింపేశారు, ఆనక చాలామంది అక్కడికే వెళ్లిపోయారు. 2012 నాటికి డిగ్ ముక్కలుగా అమ్ముడుపోయింది. ఇక్కడ మారింది రంగూ రూపమూ కాదు, పాఠకుడి చేతిలోని అధికారం. దానికి అలవాటు పడడమంటూ ఉండదు.

స్నాప్‌చాట్ సంగతి ఈ రెంటికీ నడుమ ఉంటుంది. 2018 మార్పును వెనక్కి తీసుకోవాలన్న అర్జీపై 12 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ ఏడాది రెండో త్రైమాసికంలో రోజువారీ వాడుకరులు 19.1 కోట్ల నుంచి 18.8 కోట్లకు తగ్గారు. సంస్థ డిజైన్‌ను కొంత సర్దింది.

అపోహ: అరిచేవాళ్ల మాటే అందరి మాట.

వాస్తవం: నోరు విప్పేవారిలో రోజంతా ఆ సైట్ మీదే ఉండేవారు ఎక్కువ. 2023 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా కొత్త రూపం తొడుక్కుంది. వరుస వెడల్పు తగ్గి పేజీకి రెండు పక్కలా ఖాళీ మిగిలింది. దీనిపై జరిగిన చర్చలో పాతదే కావాలన్నవారే ఎక్కువైనా, ఏకాభిప్రాయం లేదని తేల్చి కొత్త రూపాన్నే ఉంచారు. చర్చించింది ముఖ్యంగా అక్కడ వ్యాసాలు రాసేవారు. లాగిన్ కాకుండా చదివి వెళ్లిపోయే కోట్ల మంది అందులో లేరు. అలాగని మౌనాన్ని అంగీకారంగా లెక్కవేయడమూ పొరపాటే. ఖాతా ఉన్నవారు మాత్రం సెట్టింగుల్లో (తెలుగు వికీలో వీటి పేరు ‘అభిరుచులు’) పాత రూపానికి మారవచ్చు.

అపోహ: కొంచెం కొంచెంగా మారిస్తే ఎవరూ గమనించరు.

వాస్తవం: రంగుల వరకు నిజమే. ఆన్‌లైన్ అమ్మకాల సైట్ ఈబే తన పసుపు నేపథ్యాన్ని ఒక్కసారిగా తీసేసి తిట్లు తిని, మళ్లీ తెచ్చి, నెలల తరబడి లేతగా చేస్తూ తెలుపులోకి దించిందని డిజైనర్లు చెప్పుకుంటారు. రోజూ నొక్కే బటన్ మాయమైతే మాత్రం ఎంత నెమ్మదిగా తీసినా పట్టుబడుతుంది. అలాంటి చోట పాతదాన్ని పక్కన ఉంచడమే మెరుగు. 2018లో రూపం మార్చిన రెడిట్ పాత పేజీలను ‘ఓల్డ్’ అనే పేరు ముందున్న వేరే చిరునామాలో కొనసాగించింది.