సబ్బు గురించి అడగనీకొచ్చి ఫ్రిజ్ లెక్కెందుకు?

ట్యాబు పట్టుకోని సర్వే పిల్లోళ్లు గడప ముందర నిలబడతారు. అడగాల్సింది సబ్బు గురించో, టీ పొడి గురించో. మధ్యలో 'ఇంట్లో సంపాదించే ఆయన ఏం సదివినాడు? ఫ్రిజ్ ఉందా? కారుందా?' అంటారు. రేషన్ కార్డు తీసేస్తారేమో అని మనోళ్లు తలుపేసుకుంటారు. ఆ ప్రశ్నల వెనక కథ ఇంకోటుంది.

అన్నం ఉడికిందా లేదా తెలియనీకి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. సర్వే కూడా అంతే. కాకుంటే జనం కుండలో అన్నం మాదిరి ఒకే తీరుగా ఉండరు. అందుకే ముందు ఇండ్లను మెట్లు మెట్లుగా విడదీసి, ప్రతి మెట్టు నుంచి కొందరిని అడుగుతారు.

మొదట్లో పట్నాల్లో ఇంటి పెద్ద సంపాదనపరుని సదువు, వృత్తి చూసి మెట్టు తేల్చేవాళ్లు. 2011లో ఎన్‌సీసీఎస్ అనే పద్ధతి వచ్చింది. వృత్తిని తీసేసి, సదువుతో పాటు 11 వస్తువుల లెక్క పెట్టినారు: కరెంటు, ఫ్యాను, గ్యాసు పొయ్యి, టూవీలర్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, సేద్యపు భూమి. వీటిని బట్టి ఏ1 నుంచి ఈ3 దాకా 12 మెట్లు.

ఈ కొలతను మన కాడికి తెచ్చి చూడండి. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు జీఐ గుర్తింపు ఉంది. కానీ తండ్రి కాడ ఉలి పట్టి పని నేర్చిన శిల్పి బడికి పెద్దగా పోకుంటే, ఈ లెక్కలో కింది మెట్టుకు జారతాడు. ఆయన చేతి పనికి అక్కడ గడే లేదు. నంద్యాల పక్క కేసీ కాలువ కింద పదెకరాలు కౌలుకు చేసే రైతుకు భూమి గడి ఖాళీ. ఎకరా రాసిపెట్టుకోని హైదరాబాదులో కాపురముండే ఆయనకు అదే గడి నిండుతుంది.

దీంతో మనకేంది అంటారా? టీవీ రేటింగులకు ఇండ్లను ఎంచనీకి కూడా ఈ మెట్లే వాడినారు. ఎవరి కోసం ఏ ప్రకటన, ఏ అంగడికి ఏ సైజు ప్యాకెట్ అనేది ఇట్లాంటి లెక్కలతోనే తేలుస్తారు. లెక్కలో తప్పుగా పడినోళ్ల అవసరం కంపెనీ కంటికి ఆనదు.

ఈ లోపం ఆ రంగం వాళ్లకూ తెలిసింది. ఐఎస్‌ఈసీ అనే కొత్త పద్ధతిలో వృత్తిని మళ్లా తెచ్చినారు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ సదివిన ఆడమనిషి సదువునూ లెక్కలోకి తీసుకున్నారు. నా లెక్కన ఇది మంచి మార్పే. కౌలు సేద్యాన్ని, చేతి పనిని ఏ గడిలో రాస్తారనేదే అసలు పరీక్ష.

కాబట్టి సర్వే వాళ్లొస్తే ఊరికే తరమొద్దండి. ఎవరి కోసం అడుగుతున్నారో కనుక్కోండి. ఇష్టం లేకుంటే చెప్పకండి, అది మన హక్కు. ఓటీపీ, ఆధార్, బ్యాంకు నంబరు అడిగితే మాత్రం ఇయ్యొద్దు, సబ్బు సర్వేకు వాటితో పన్లేదు. జవాబు చెప్పేటట్లయితే ఇంకో మాట కూడా అడగండి: 'మా పనిని నువ్వు ఏమని రాస్తాండావు నాయనా?'